ముందు ముడి, వెనక ముడి

మంచం మీద పాత దుప్పటి పరిచి, శ్రీశైలం నడకకు కావాలనుకున్నవన్నీ దాని మీద పేర్చాను. ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆత్మకూరు పక్కన వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న గుడికి చేరే పాత కాలిబాట మాది. రెండు జతల బట్టలు, బూట్లు, మూడు జతల మేజోళ్ళు, కప్పుకోను దుప్పటి, తువ్వాలు, రెండు టార్చిలైట్లు, స్టీలు పళ్ళెం, గ్లాసు, మాత్రల డబ్బా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ప్లాస్టరు చుట్ట, సూదీ దారం, బెల్లం, అటుకులు, వేయించిన పల్లీలు, ఫోనుకు పవర్ బ్యాంకు, చదవడానికి ఒక పుస్తకం. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంరా, నువ్వు పోయేది శ్రీశైలానికా, కొత్త కాపురానికా?" అంది.

బరువు చూసుకునే మిషను మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడ్డాను. తేడా తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. నీళ్ళు ఇంకా పోయనే లేదు. వాటికి మరో రెండు కిలోలు వేసుకోవాలి. నా ఒళ్ళు అరవై రెండు కిలోలు.

దూరం నడిచే యాత్రికుల్లో ఒక లెక్క వాడుకలో ఉంది. వీపు మీది సంచి ఒంటి బరువులో పదో వంతు మించకూడదని. స్పెయిన్‌లో సాంతియాగో యాత్ర చేసేవాళ్ళ నోట ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్రాన్సు సరిహద్దు ఊరు సెయింట్ జాన్ పియె ద పోర్ నుంచి సాంతియాగో గుడి దాకా వాళ్ళు నడిచేది సుమారు 780 కిలోమీటర్లు, నెలకు పైగా పడుతుంది. అంత దూరం ముందు మా అడవి దారి రెండు మూడు రోజుల ముచ్చట. అయినా భుజానికి దూరం లెక్క తెలియదు, దానికి తెలిసింది బరువే. ఆ సూత్రం ప్రకారం నాకు రావలసింది ఆరు కిలోలు. అంటే దుప్పటి మీద ఉన్నవాటిలో దాదాపు సగం ఇంట్లోనే ఉండిపోవాలి.

ఏ సగం? ఆ ప్రశ్నతోనే నా యాత్ర మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

మొదట కాళ్ళ సంగతి తేల్చుకున్నాను. అందులో తత్వం తక్కువ, ఒళ్ళు చెప్పే పాఠం ఎక్కువ. పాదం మీద కిలో బరువు వీపు మీద ఐదు కిలోలతో సమానమని నడిచేవాళ్ళు చెప్పుకుంటారు. ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తి దించాలి కాబట్టి. అందుకని చీలమండ దాకా వచ్చే బరువు బూట్లు పక్కన పెట్టి, ఏడాదిగా తొడుగుతున్న పాతవి తీసుకున్నాను. కొత్త బూట్లతో దూరప్రయాణం చేయడమంటే ముక్కూ మొహం తెలియనివాడితో వియ్యమందడమే. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. బొటనవేలికి ముందు వేలెడు జాగా లేకపోతే దిగుడులో గోరు నల్లబడుతుంది. బొబ్బకు మూలం మూడు: చెమట, వేడి, రాపిడి. నూలు మేజోళ్ళు చెమటను పీల్చుకుని వదలవు, అందుకే వాటి బదులు త్వరగా ఆరేవి తీసుకున్నాను. ఇంతవరకూ చిక్కు లేదు. కాళ్ళకు ఏది కావాలో కాళ్ళే చెబుతాయి.

చిక్కంతా మిగతావాటితో వచ్చింది. ఏది చేతిలోకి తీసుకుని "ఇది ఎందుకు?" అని అడిగినా జవాబు "ఒకవేళ" అనే మాటతోనే మొదలవుతోంది. ఒకవేళ టార్చి ఆగిపోతే రెండోది. ఒకవేళ జ్వరమొస్తే మూడు రకాల మాత్రలు. ఒకవేళ రాత్రి నిద్ర పట్టకపోతే పుస్తకం. నేను సర్దుకున్నది సామానని అనుకున్నాను. నిజానికి సంచి నిండా ఉన్నవి "ఒకవేళ"లే.

ఆ ఒకవేళల్ని కాసేపు విడదీసి చూశాను. వాటిలో కొన్ని అడవికి భయపడినవి. ఉగాది నాటికి నల్లమల ఆకు రాల్చి, రాళ్ళు కాగి ఉంటుంది. నీళ్ళ గురించి భయపడకపోతే అది ధైర్యం కాదు, తెలివితక్కువ. కొన్ని మాత్రం మనుషులకు భయపడినవి. ఆ దారిలో ఉగాదికి ముందు వేలమంది నడుస్తారని నాకు తెలుసు. నా టార్చి ఆగిపోతే ముందో వెనకో ఎవరి చేతిలోనైనా వెలుగుంటుంది. అయినా రెండోది పెట్టుకున్నానంటే, వెలుగు లేకపోవడం కంటే "కాస్త వెలుగు చూపించండి" అని అడగాల్సి రావడం నాకు పెద్ద కష్టమన్నమాట.

స్టీలు పళ్ళెం దగ్గర ఇంకాసేపు ఆగాను. దారి పొడవునా అన్నదాన శిబిరాలుంటాయి, విస్తరాకులో పెడతారు. మరి నా పళ్ళెం ఎందుకు? శుభ్రత అని నాకు నేనే చెప్పుకున్నాను. మా తాతల కాలంలో యాత్రకు పోయేవాళ్ళలో కొందరు తమ గిన్నెలు, తమ చెంబు, తమ వంటమనిషిని వెంటబెట్టుకుని పోయేవారు. దారిలో ఎవరి చేతి నీళ్ళు తాగాల్సి వస్తుందోనని. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మడి. నేను పెట్టిన పేరు శుభ్రత. పేరు మారింది సరే, లోపలి జంకు కూడా మారిందా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేకపోయాను. పళ్ళెం తీసి పక్కన పెట్టాను. 280 గ్రాములు తగ్గింది.

ఈ సందేహం నాకే కొత్తగా వచ్చింది కాదు. 12వ శతాబ్దంలో సాంతియాగో యాత్ర గురించి కూర్చిన కోడెక్స్ కలిక్స్తినుస్ అనే లాటిన్ గ్రంథంలో ఒక ప్రసంగముంది. అందులో యాత్రికుడి భుజసంచి ఎలా ఉండాలో చెప్పారు. చిన్నదిగా, ఇరుకుగా, తోలుతో కుట్టి ఉండాలి. మూతికి కట్టు ఉండకూడదు, ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఇరుకెందుకంటే, దేవుణ్ణి నమ్మి బయలుదేరినవాడు వెంట కొంచెమే తెచ్చుకోవాలి. మూతి తెరిచెందుకంటే, ఆ కొంచెంలోనూ లేనివాడికి పెట్టాలి. ఈ కాలపు సంచుల దుకాణంలో ఈ రెండు గుణాలూ దొరకవు. అక్కడ చెప్పేది ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని జిప్పులున్నాయి, వానకు తడుస్తుందా లేదా అనే. మూతి తెరిచి ఉండే సంచి ఇమ్మంటే ఏదో లోపమున్న సరుకు అడుగుతున్నానని అనుకుంటారు.

మనకు ఇంకా దగ్గరి సంచి ఒకటుంది. ఇరుముడి. మన రెండు రాష్ట్రాల నుంచీ ఏటా కార్తికం నుంచి సంక్రాంతి దాకా లక్షల నెత్తిన శబరిమలకు పోయేది అదే. పేరులోనే ఉంది, రెండు ముడులు. ముందు ముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ, స్వామికి అర్పించేవి. వెనక ముడిలో తనకోసం బియ్యమో తినేవో, దారి ఖర్చు సామానో. ఎరుమేలి నుంచి అళుదా నది దాటి, కరిమల ఎక్కి దిగే పాత అడవి దారిలో రోజులు గడిచేకొద్దీ వెనక ముడి తరుగుతుంది. ముందు ముడి తరగకూడదు. గుడి చేరాక ఆ నెయ్యి అభిషేకానికి పోతుంది, కొబ్బరి చిప్ప మంటలో పడుతుంది. అంటే మనిషి మోసినదాంట్లో సగం మొదటి నుంచీ తనది కాదు.

దేవుడి విషయంలో నా నమ్మకం ఎంతో నాకే సరిగ్గా తెలియదు. కానీ ఈ కట్టు వేసినవాడికి మనిషి గురించి బాగా తెలుసని నమ్ముతాను. తనకోసం మోసే బరువూ ఇంకొకరి కోసం మోసే బరువూ ఒకే నెత్తి మీద ఉంటే, నడిచేవాడికి వాటి తేడా అడుగడుగునా తెలుస్తూ ఉంటుంది. నా సంచికి జిప్పులు తొమ్మిది. ముందు ముడి లేదు.

ఇంకో వింత చూడండి. బరువు తగ్గించుకోమని చెప్పే దారుల్లోనే పనికిరాని బరువును పనిగట్టుకుని మోయమంటారు. అళుదాలో మునిగినవాళ్ళు నది అడుగు నుంచి ఒక రాయి తీసుకుని, పైనున్న కల్లిడుం కున్ను దగ్గర వేసి పోతారు. సాంతియాగో దారిలో క్రూస్ ద ఫెర్రో అనే చోట పొడుగాటి కొయ్య చివర చిన్న ఇనుప శిలువ ఉంటుంది. యాత్రికులు ఇంటి దగ్గర నుంచి తెచ్చిన రాయిని దాని మొదట్లో పెడతారు. ఆ రాళ్ళు గుట్టగా పెరిగాయి. టూత్‌బ్రష్ పిడి విరిచి గ్రాములు తగ్గించుకునేవాడు కూడా ఈ రాయిని మాత్రం వారాలపాటు మోస్తాడు. దింపుకోవడం అంటే ఏమిటో ఒంటికి తెలియాలంటే ముందు ఎత్తుకుని ఉండాలి కదా. జపాన్‌లో షికోకు దీవి చుట్టూ 88 గుళ్ళు తిరిగే సుమారు 1200 కిలోమీటర్ల యాత్ర ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ యాత్రికుడు తొడిగే తెల్ల అంగీ ఒకప్పటి లెక్కలో శవవస్త్రం. చేతికర్ర, దారిలో ప్రాణం పోతే అతని సమాధి గుర్తు. ఆ కర్ర కోబో దైషి అనే గురువుకు ప్రతిరూపం కూడా, అంటే ఒంటరిగా నడిచేవాడు ఇద్దరుగా నడుస్తున్నట్టు. నా మాత్రల డబ్బా చావును దూరం పెట్టడానికి. వాళ్ళ కర్ర చావును పక్కనే నడిపించుకుపోవడానికి. ఏది బరువో చెప్పడం కష్టం.

ఇక్కడిదాకా వచ్చాక, తక్కువ మోసేవాడే గొప్పవాడని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. తొందర పడకూడదు. సంచి తేలిక కావడానికి రెండు దారులున్నాయి. వస్తువును వదిలేయడం ఒకటి, ఇంకొకరి మీదకు నెట్టడం రెండోది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం. శ్రీశైలానికి ఈ ఆత్మకూరు వైపు నుంచే వెళ్ళాడు. ఊరూరా నీళ్ళెలా ఉన్నాయో, బియ్యం దొరుకుతాయో లేదో, దిగడానికి చోటుందో లేదో రాసిపెట్టిన ఆ కాశీయాత్ర చరిత్ర తెలుగులో యాత్రకు ఏం కావాలో చెప్పిన మొదటి పుస్తకాల్లో ఒకటి. ఆ పుస్తకాన్ని ప్రేమగా చదివినవాణ్ణే నేను. కానీ ఈసారి సంచి ముందు కూర్చుని తలచుకుంటే, పల్లకీ మోసిన బోయీలు గుర్తొచ్చారు. పదిహేను నెలల ఆ దారిని కాళ్ళతో కొలిచింది వాళ్ళు. యాత్ర చేసినవాడి పేరు మనకు తెలుసు, నడిచినవాళ్ళ పేర్లు తెలియవు.

నూరేళ్ళ తర్వాత 1930లో గాంధీ దండికి నడిచాడు. అదీ యాత్రే. మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయలుదేరి సుమారు 385 కిలోమీటర్లు. ఒక్కొక్కరి సామాను పడక, మారుబట్టలు, తకిలీ, దినచర్య రాసుకోను పుస్తకం లాంటివే. ఇంత తక్కువ ఉన్నా చివరి వారంలో సూరతు జిల్లా భట్గాం ఊళ్ళో ఆయన సభలో తన మీదా తనవాళ్ళ మీదా విరుచుకుపడ్డాడు. సూరతు నుంచి పాలూ కూరగాయలూ తెప్పించారని, అన్నిటికంటే ముఖ్యంగా రాత్రి నడకకు వెలుతురు కోసం కిరసనాయిలుతో వెలిగే పెద్ద లైటును ఒక కూలీ నెత్తిన పెట్టి తరుముతూ నడిపించారని. యాత్రికుల చేతుల్లో బరువు లేదు. ఆ బరువు ఆ కూలీ నెత్తి మీద ఉంది. ఉప్పు పన్ను పేదవాడి మీద భారమని చెప్పడానికి పోతున్న నడకలో.

ఈ కథ తెలిశాక తేలికైన సంచి కనబడితే ముందుగా దాని బరువు ఎక్కడికి పోయిందని చూస్తాను. సాంతియాగో దారిలో ఈ రాత్రి బసలో వదిలిన సంచిని రేపటి బసకు చేర్చే బళ్ళున్నాయి. శబరిమలలో నడవలేనివాళ్ళను నలుగురు డోలీలో మోస్తారు. పండరిపురం నడక యాత్ర వారీలో తులసి కోటను నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు నడుస్తుంటే, గుడారాలూ వంటపాత్రలూ వెనక లారీలో వస్తాయి. ఇవన్నీ తప్పని నేననను. మోకాలి చిప్ప మార్చుకున్న ముసలామెకు కొండ చూడాలని ఉంటే డోలీ కాక మరేముంది? డోలీ మోసేవాడికి ఆ రెండు నెలల కూలే ఏడాది బియ్యం కావచ్చు. "నేను ఎవరినీ మోయించుకోను" అనే నా పట్టుదల అతని పొయ్యి మీదికి ఏం తెస్తుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం పట్టుకున్నాను. మోసేవాడికి "మోయను" అనే వీలుందా? ఉంటే అది బేరమో, ప్రేమో. లేకపోతే ఏ పేరు పెట్టినా దౌర్జన్యమే.

చెప్పుల్లేని నడకనూ ఈ గీటురాయి మీదే గీసి చూడాలి. శబరిమల దీక్షలో చెప్పులు వేసుకోరు. శ్రీశైలం దారిలోనూ వట్టి కాళ్ళతో నడిచేవాళ్ళు చాలామంది. నేను బూట్లు తొడిగితే భక్తి తక్కువా? మన కథల్లో అందరికంటే ఎక్కువ గౌరవం పొందిన సామాను పాదరక్షలే. రాముడి పాదుకలు సింహాసనమెక్కాయి. ఆళందీ నుంచి జ్ఞానేశ్వరుడి పాదుకలు, దేహూ నుంచి తుకారాం పాదుకలు ఏటా పల్లకీలో పండరికి పోతాయి. వట్టి కాళ్ళ విషయంలో నా మాట ఇంతే. చెప్పులున్నవాడు ఇంట్లో వదిలి వస్తే దాన్ని వ్రతం అంటాం. చెప్పుల్లేక అదే అడవిలో ఏడాదంతా తిరిగే చెంచు ముసలాయన కాళ్ళ గురించి ఎవరం ఏమీ అనం.

చివరికి నా సంచి ఏడు కిలోల దగ్గర ఆగింది. నీళ్ళతో కలిపి తొమ్మిది. పదో వంతు లెక్క తప్పింది. సూది ఉంచాను. రెండో టార్చీ ఉంచాను, సిగ్గుపడుతూనే.

అడవిలో మాతో నడిచినవాళ్ళలో సగానికి పైగా కన్నడిగులే. రాయచూరు, బళ్ళారి, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళ ఇంటి ఆడపిల్ల, మల్లన్న అల్లుడు. ఉగాదికి కూతురింటికి పోయినట్టు పోతారు. కొందరు మొక్కు చెల్లించడానికి కొయ్యకాళ్ళ మీద నడుస్తారు. వాళ్ళ పక్కన నా బూట్ల చర్చ నాకే చిన్నబోయింది.

పెచ్చెర్వు దాటాక ఒక చెట్టు కింద కూలబడ్డాను. పక్కన ఒకామె, డెబ్భై దగ్గర పడి ఉంటాయి. మా సీమలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే. నేను అవ్వా అంటే ఏ అర్థమైనా సరిపోయేలా ఉంది ఆమె. పాదాలకు పాత చీర పీలికలు చుట్టుకుంది. చేతిలో కర్ర, చంకలో ఒక గుడ్డ మూట. మూట విప్పింది. అప్పడాల్లా ఎండిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఒక మారుచీర. వాటి కింద ఇంకో చిన్న మూట, దాన్ని మాత్రం విప్పలేదు. వేలితో తట్టి చూపింది. గాజులు, రవిక గుడ్డ, పసుపు కుంకుమ, ఒడిబియ్యం. కూతురికి.

ఆ రొట్టెలు నెలైనా చెడవు. తడి ఉండదు, బరువుండదు, పొయ్యి అక్కర్లేదు. దూరప్రయాణానికి అంతకన్నా మంచి తిండిని ఏ దుకాణమూ ఇంకా తయారుచేయలేదు. అందులోంచి రెండు తీసి, "తగో తమ్మా" అని నా ముందు పెట్టింది. తీసుకోమని. నా సంచిలో ఆమెకు ఇవ్వడానికి ఏముందని వెతికాను. బెల్లం ఉంది, ఇచ్చాను. తీసుకుంది. కానీ ఆ రొట్టెలు బయలుదేరేటప్పుడే ఎవరికో పెట్టాలని లెక్కేసి చేసినవి. నా బెల్లం నాకోసం తెచ్చుకున్నది, మొహమాటానికి బయటికి వచ్చింది. రోజుల తరబడి తూకం వేసి సర్దిన సంచిలో ఇంకొకరి కోసమని పెట్టిన వస్తువు ఒక్కటీ లేదు. ఎక్కువ మోయడమో తక్కువ మోయడమో కాదు నా పొరపాటు.

ఆ అవ్వను దేవతను చేసి ఈ వ్యాసం ముగించడం సులువు. కానీ ఆమె అంత తేలిగ్గా నడవడానికీ కారణాలున్నాయి. దారిలో డ్రమ్ములకొద్దీ నీళ్ళు ట్రాక్టర్ల మీద తెచ్చి పెట్టినవాళ్ళున్నారు. తెల్లవారుజామున లేచి వండిపెట్టే శిబిరాలున్నాయి. పుండు పడ్డ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టే కుర్రాళ్ళున్నారు. భీముని కొలను లోయలోకి దిగి మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కే రాతిమెట్లు చూసినప్పుడూ అదే అనిపించింది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. కట్టించినవాడి పేరు మిగిలింది. ఆ కొండల్లో రాళ్ళు మోసినవాళ్ళకు "మోయను" అనే వీలుండేదో లేదో ఏ శాసనమూ చెప్పదు. నా సంచిని నేనే మోసుకుంటున్నానని గర్వపడుతున్న నేను కాలు మోపుతున్నది ఎవరో మోసిన రాయి మీద. ఎవరి భుజమూ తగలకుండా నడిచే దారి లేదు. అవ్వకు అది తెలుసు, అందుకే ఆమె మూటకు రెండు రొట్టెలు ఎక్కువ. నీళ్ళు పోసిన చేతికి తిరిగి ఇవ్వలేకపోయినా, ఆకలితో కూర్చున్న ఎవడి చేతిలోనో పెట్టి ఆ బాకీ ముందుకు జరుపుతుంది.

ఇక మోయనని చెప్పలేనిది ఒకటుంది. అడవి. ప్లాస్టిక్ తేవద్దని అటవీ శాఖ చెబుతూనే ఉంటుంది, అది పులులు తిరిగే చోటు. అయినా బాట పక్కన నీళ్ళ సీసాలు. నిండుగా ఉన్నప్పుడు కిలో బరువున్న సీసాను ఆ ఎండలో మైళ్ళు మోసినవాడు, ఖాళీ అయ్యాక పాతిక గ్రాములు మోయలేకపోయాడు. దాహం ఉన్నంతసేపే దానికి బరువు లేదు. భక్తికైనా ప్రేమకైనా, నన్నడిగితే, పరీక్ష ఆ ఖాళీ సీసా దగ్గరే. ఆరు సీసాలు ఏరి నా సంచిలో వేసుకున్నాను. ఆ తర్వాత ఏరడం మానేశాను. ఎందుకు మానేశానంటే, నడుము నొప్పి. ఇక్కడ గొప్పలు పోవడానికేమీ లేదు.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం అదే దుప్పటి పరిచి సంచి బోర్లించాను. వాడినవి ఒక కుప్ప, వాడనివి ఒక కుప్ప. మాత్రలు అలాగే ఉన్నాయి. రెండో టార్చి వెలగనే లేదు. పుస్తకంలో గుర్తు పెట్టిన పేజీ కదల్లేదు. సూది ఒక్కసారి పనికొచ్చింది, నా కాలి ముల్లుకే. అమ్మ మళ్ళీ గుమ్మంలో నిలబడింది. "మరి ఎవరికైనా ఏమైనా ఇచ్చినావా?" అంది, మామూలుగా, కూర ఏం చేయమంటావని అడిగినట్టు.

దుప్పటి మీద మూడో చోటు వైపు చూశాను. కాస్త బెల్లం, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, కొంత ప్లాస్టరు. ఇచ్చినవి ఇవే. ఇచ్చినవి తిరిగి రావు గనక అక్కడ ఖాళీగానే ఉంది. ఏమీ ఇవ్వకపోయినా అక్కడ అంతే ఖాళీగా ఉండేది. తేడా నాకు తెలియాలి, అంతే. అమ్మకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ, ఆరు ఖాళీ సీసాలను చెత్తబుట్ట దాకా మోశాను.